ముడతలు, ఎండుటాకులు, సున్నం రాలిన గోడలు: ఈ సిరీస్ చూసి మొహమాటం లేకుండా చెప్పండి

రేలపూలు (తిరుపతి)

అందరికీ నమస్కారం. కొంతకాలంగా ఒక ఫోటో సిరీస్ మీద పని చేస్తున్నా. ముసలితనం, చెట్టూ చేమా, పాతబడిపోయే కట్టడాలు, ఈ మూడూ కలిపి. ఫోటోలు జతలు జతలుగా పెట్టాను, ఆల్బమ్ తెరిచి చూడండి.

మొదటి జత: మా అవ్వ ముంజేయి. పక్కన తలకోన దారిలో దొరికిన ఆకు, ఈనెలు తప్ప పెద్దగా ఏమీ మిగలనిది. రెండోది: కోనేటి గట్టు దగ్గర పూలు కట్టే పెద్దాయన ముఖం. పక్కన చంద్రగిరి కోటలో సున్నం రాలిపోయిన గోడ. మూడోది: శ్రీవారి మెట్టు దారిలో కర్ర పట్టుకుని ఎక్కుతున్న ఒకావిడ వీపు. పక్కన మార్చి నెలలో శేషాచలం మోడు చెట్లు. అన్నీ నలుపు తెలుపు. కెమెరా పాత నికాన్, లెన్సులు 50 ఎంఎం, 85 ఎంఎం.

జతలు కుదిరాయా లేదా అన్నదే నా ప్రశ్న. ఒక ఎగ్జిబిషన్‌కు పంపాలని ఉంది.

ఎఫ్11

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. లైటు బాగుంది, ఫోకస్ బాగుంది. ఐడియా మాత్రం బాగా నలిగిపోయింది. ఏ సలాన్ (ఫోటోల పోటీ) ఫలితాలు తీసి చూసినా పోర్ట్రెయిట్ విభాగంలో ముసలి ముఖాలే. తలపాగా, బీడీ పొగ, ఎడిటింగులో క్లారిటీ స్లైడర్‌ను కుడి చివరికంటా లాగి ప్రతి ముడతనూ లోయ చేసేస్తారు. కింద 'అనుభవాల గీతలు' అని ఒక కాప్షన్. ఆ మనిషి పేరేంటో తీసినవాడికీ తెలియదు.

మీవన్నీ ఆ కోవలోవి అనను. కానీ రెండో జత ఆ గట్టు మీదే నిలబడి ఉంది. పూలు కట్టే ఆయన అన్నారు, పూలేవీ? చేతులు కోసేసి ముఖం ఒక్కటే ఉంచారు. ఆయన్నుంచి పని తీసేశారు, వయసు మాత్రం మిగిల్చారు.

చంద్రగిరి చిన్నోడు

గోడ ఫోటో మాత్రం సూపర్ అక్కా. యాడుంది ఆ గోడ, రాణీమహల్ వెనకా? నేను ఆ పక్కనే క్రికెట్ ఆడి పెరిగినోణ్ణి, ఒక్కరోజు కూడా దాన్ని చూడలా. బాల్ తగిలి ఇంకొంచెం సున్నం రాలిందేమో, అందులో నా వంతు కూడా ఉండొచ్చు.

వార్డు నైట్‌డ్యూటీ

నేను నర్సును. నా డ్యూటీ అంతా డెబ్భై దాటినవాళ్ళతోనే. అందుకని మొదటి జత దగ్గర ఆగిపోయా.

ఆకు తీసేయండి. చేయి చాలు. ఆకును పక్కన పెట్టగానే ఆ చేయి ఎవరిదో కాకుండా పోయింది, 'వృద్ధాప్యం' అనే పాఠానికి బొమ్మ అయిపోయింది. ఆ చేతి మీద చూడాల్సింది బోలెడుంది. ముంజేతి లోపలివైపు పచ్చబొట్టు ఉంది కదా, చర్మం వదులై దాని గీతలు సాగి, అంచులు చెదిరి, ముగ్గులో చుక్క ఏదో గీత ఏదో తెలియకుండా కలిసిపోయాయి. మణికట్టు దగ్గర ఊదారంగు మచ్చ ఒకటి ఉంది. దెబ్బ తగిలి వచ్చింది కాకపోవచ్చు. ఆ వయసులో చర్మం కింద సన్నని రక్తనాళాలకు ఆసరా తగ్గిపోతుంది, గాజు వేసుకుంటూ కాస్త నొక్కుకున్నా రక్తం చిమ్మి మచ్చ కడుతుంది. మేం రోజూ చూసేవి ఇవి. ఇంత ఉన్న చేతికి ఆకు ఎందుకు?

ఇంకోటి. పచ్చబొట్టును నలుపు తెలుపులో ఎందుకు పెట్టారు? పాతబడ్డాక వచ్చే ఆ నీలి ఆకుపచ్చే కదా దాని అందం.

రేలపూలు (తిరుపతి)

నర్సు గారూ, ఆ పచ్చబొట్టు మా అవ్వ పెళ్ళికి ముందు తిరునాళ్ళలో పొడిపించుకున్నది. ముగ్గు, దాని కింద తేలు. తేలు బొమ్మ పొడిపించుకుంటే తేలు కుట్టినా విషం ఎక్కదని అప్పట్లో నమ్మకమంట. ఇప్పుడు ఆ తేలు చూసి మా పాప 'రొయ్య' అంటుంది. కలర్ ఫైల్ ఉంది, మళ్ళీ చూస్తా.

ఎఫ్11 గారూ, పూలాయన ఫుల్ ఫ్రేమ్‌లో చేతులు, మల్లెలు, అరటినార అన్నీ ఉన్నాయి. గోడ ఎదురుగా ముఖం ఉంటేనే జత కుదురుతుందని కోశాను. కానీ ఒకటి చెప్పండి, వయసు గురించి సిరీస్ చేసేటప్పుడు వయసును చూపించడం తప్పెలా అవుతుంది? కనిపించకుండా దాచేది మన ఫోన్లే కదా. బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటే మా అవ్వ ముఖం ఇస్త్రీ చేసినట్టు వస్తుంది.

మామిడితోపు (బంగారుపాళ్యం)

నర్సమ్మ మనుషుల తరఫున మాట్లాడారు, నేను చెట్ల తరఫున మాట్లాడతా.

మూడో జతలో మోడు చెట్లను చావుకు గుర్తుగా పెట్టారు. మార్చిలో ఆ చెట్లు చావడం లేదు, తెలివిగా బతుకుతా ఉన్నాయి. ఆకు ఉంటే ఆకులోంచి నీళ్ళు పోతాయి. నేలలో తేమ లేని కాలంలో అది గిట్టుబాటు కాదని రాల్చేస్తాయి. మోదుగు చూడండి, ఒంటి మీద ఆకు లేనప్పుడే ఒళ్ళంతా పూస్తుంది. ఎర్రచందనమూ అంతే, ఆకు రాల్చి, చిగురేసి, ఎండలు ముదిరాక పసుపు పూలు పూస్తుంది. శేషాచలం అడవి చాలావరకు ఆకు రాల్చే రకమే. ఏటా జరిగేదాన్ని మనం ఒక మనిషి ఆఖరి ప్రయాణం పక్కన పెట్టేస్తే ఎట్టా?

మా తోట తోతాపురి, తాత నాటిన చెట్లు. కాపు తగ్గిన ముదురు చెట్లకు హార్టికల్చర్‌వాళ్ళు చెప్పే పద్ధతి ఒకటుంది. పెద్ద కొమ్మలన్నీ కోసేసి, కోసినచోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూసి వదిలేయాలి. దారినపోయేవాళ్ళు చూసి 'అయ్యో, తోట ఎండిపోయిందా' అంటారు. తర్వాత ఆ మోడుకు చుట్టూతా గుంపుగా చిగుళ్ళు వస్తాయి. బలంగా ఉన్నవి, ఎడంగా ఉన్నవి ఉంచి మిగతావి తీసేస్తాం. రెండు మూడేళ్ళకు మళ్ళీ కాయ. కొమ్మకు మూడేళ్ళు, మొదలుకు డెబ్భై ఏళ్ళు. ఇప్పుడు ఆ చెట్టు వయసెంతని చెప్పమంటారు? మనిషికి ఇట్టాంటి సౌకర్యం లేదు. నా మోకాళ్ళు కోసి పేస్టు పూస్తే చిగురెయ్యవు.

చెట్టు చావు తియ్యాలంటే మా వైపు రండి. రేటు లేని ఏడాది తోటకు తోటే కొట్టించేస్తారు. రోడ్డు అవతల తోపు ఒకటి అట్టాగే పోయింది. వేళ్ళు పెకలించిన గుంతలు, పక్కన టింబర్ లారీ, రంపపు పొట్టు మీద ఇంకా ఆరని జిగురు. వయసైపోయి చచ్చిన మామిడిచెట్టును నేను చూడలా. లెక్క కుదరక చచ్చినవే అన్నీ.

ఎఫ్11

'లెక్క కుదరక చచ్చినవే'. ఆ గుంతలు మీరే తీయండి సార్. వేరే థ్రెడ్ పెట్టండి, మొదటి కామెంటు నాది.

రాతిపొర

ముసలితనం అంటున్నారు కాబట్టి మా డిపార్ట్‌మెంటు, అంటే రాళ్ళ తరఫున ఒక మాట. ఘాట్ రోడ్డులో తిరుమలకు ఎక్కేటప్పుడు అక్కడి రాళ్ళ గురించి ఒక బోర్డు ఉంటుంది, బస్సు కిటికీలోంచి అందరూ దాటేసి పోతారు. అక్కడ కింద పాత గ్రానైట్, దాని మీద కూర్చున్నది క్వార్ట్‌జైట్, ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి. రెంటికీ మధ్య సుమారు 50 కోట్ల ఏళ్ళ ఖాళీ. అంత కాలంలో ఏం జరిగిందో చెప్పే రాయి అక్కడ లేదు. కొండ మీద శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే, గాలీ నీరూ అరగదీసి కమాను చేశాయి. అంటే మనమంతా క్యూ కట్టి ఫోటో దిగేది ఒక అరుగుదల ముందర.

శాశ్వతం కానిదానికి గుర్తుగా కొండను ఎవరూ తీయరు. స్థిరమని తీస్తారు. తప్పు కొండది కాదు, మన షట్టర్ స్పీడుది.

పాతరీలు (చిత్తూరు)

అమ్మాయ్ రేలపూలూ, చిత్తూరులో నాకు ఫోటో స్టూడియో ఉండేది, ఇప్పుడు లేదు. ముసలోళ్ళ ఫోటోలు నేను తీసినన్ని ఇక్కడెవరూ తీసి ఉండరు, ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. వాళ్ళంతట వాళ్ళే వచ్చేవాళ్ళు.

ముందు తరంలో ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం. తర్వాత అది తిరగబడింది. పల్లెల్లోంచి బస్సెక్కి వచ్చి, 'దండేసే ఫోటో ఒకటి తియ్యి నాయనా' అని అడిగేవాళ్ళు. నవ్వుతానే అడిగేవాళ్ళు. కొడుకులకు తెలిస్తే తిడతారని సంత రోజు చూసుకుని వచ్చేవాళ్ళు కొందరు. ఒకావిడ పక్కింటామె పట్టుచీర అరువు తెచ్చి కట్టుకుంది. చీర నాది కాదని మా ఆవిడ దగ్గర చెప్పి, బొమ్మలో తెలుస్తుందా అని అడిగింది. ఒకాయన పళ్ళసెట్టు జేబులోంచి తీసి పెట్టుకుని, ఫోటో అయ్యాక మళ్ళీ తీసి గుడ్డలో చుట్టుకుని వెళ్ళాడు. 'మనవళ్ళు నన్ను పళ్ళతో చూడాల' అన్నాడు.

ఇప్పుడు మీరంతా ముడత చూపించాలా వద్దా అని కొట్టుకుంటా ఉన్నారే, మేం ఫిల్ము రోజుల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు తగ్గించేవాళ్ళం. నెగటివ్‌కు ముందు మీడియం అనే ద్రవం రాసి గరుకు చేసుకోవాలి, లేకపోతే పెన్సిల్ పట్టదు. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో, కింద లైటు పెట్టుకుని, చుక్క పక్కన చుక్క. నెగటివ్‌లో పెన్సిల్ పడినచోట ప్రింటులో నీడ తేలికవుతుంది. నుదుటి గీతలు సగం తీసేవాళ్ళం. కళ్ళ కింద సంచులు మాత్రం ముట్టుకునేవాళ్ళం కాదు. అవి తీస్తే ఇంట్లోవాళ్ళు 'ఈయన మా నాయన కాదు' అంటారు. ఎంత తియ్యాల అనేది మాకు పుస్తకం నేర్పలేదు, కౌంటరు దగ్గర ముఖాలు నేర్పాయి.

ఫోటో దిగకుండా పోయినవాళ్ళ సంగతి వేరే. చావు జరిగిన రోజే కొడుకో అల్లుడో పరిగెత్తుకుని వస్తాడు. చేతిలో పెళ్ళి గ్రూప్ ఫోటో, అందులో వెనక వరసలో గోరంత ముఖం. ఈ మధ్యయితే ఆధార్ కార్డు జిరాక్సు. దాన్ని ఫ్లెక్సీ సైజుకు పెంచాల, సాయంత్రంలోగా. పక్కవాళ్ళ భుజం కోసి, జాకెట్టు అతికించి, వెనక నీలం రంగు పోసి ఇచ్చేవాళ్ళం. ఆ ఇంట్లో ఇంక ఆ మనిషి ముఖం అదే. అందుకే చెప్తున్నా, నీ సిరీస్‌లో ఉన్న ముగ్గురికీ ముందు ఒక మంచి ఫోటో తీసివ్వు. వాళ్ళు ఎట్టా కావాలంటే అట్టా, కలర్‌లో, కెమెరా వైపు సూటిగా చూస్తా. ఆ తర్వాత నీ ఆర్టు నువ్వు చేసుకో.

చంద్రగిరి చిన్నోడు

పెద్దాయనా, మా జేజికి ఇది చదివి వినిపించినా. 'ఆ స్టూడియో యాడుందో అడుగు' అంటా ఉంది.

కలంకారి హేమ (శ్రీకాళహస్తి)

కట్టడాల గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తా.

మా ఊరి గాలిగోపురం 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. 2010 మే 26న కూలిపోయింది. అంతకు ముందునుంచే చీలిక కనబడుతూనే ఉండింది, అందరూ చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు మీరు చూసేది కొత్త గోపురం, 2017లో కుంభాభిషేకం అయింది.

కూలిన తర్వాత ఊళ్ళో జరిగిన పని ఏమిటంటే, అందరూ ఇళ్ళలో ఆల్బమ్‌లు దించారు. గోపురాన్ని గోపురంగా తీసిన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. రోజూ ఉండేదే కదా, ఎవరు తీస్తారు? కానీ మా అత్త పెళ్ళి ఊరేగింపు వెనక ఉంది. మా అన్న కొత్త సైకిల్ వెనక ఉంది, సగం. తేరు రోజు జనం తలల మీదుగా ఒక మూల ఉంది. మా పెదనాన్న ముఖం షేక్ అయిందని పక్కన పడేసిన ఫోటోలో గోపురం మాత్రం పిన్ షార్ప్. ఆ ఫోటోకు మేం ఇప్పుడు ఫ్రేము కట్టించాం.

రేలపూలు గారూ, మీ కోట గోడ అందంగానే ఉంది. కానీ ఆ గోడ పాడైపోయిందని అందరికీ తెలుసు, మీరు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంకా పాతబడనివి తీయండి. మన ఊళ్ళలో ఇవాళ మామూలుగా నిలబడి ఉన్నవి.

ఇంకో ముక్క, మా పనికి సంబంధించినది. కలంకారీలో నలుపు కోసం బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిపి నీళ్ళలో ఊరబెడతాం. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ నీళ్ళు పడితే నల్లబడుతుంది. బొమ్మ అంతటికీ గీత అదే. చాలా పాత గుడ్డలు తీసి చూస్తే ముందు చిరిగేది ఆ నల్లగీత ఉన్నచోటే. ఇనుము దారాన్ని తినేస్తుంది. రంగులు పోయినా గుడ్డ ఉంటుంది, గీత ఉన్నచోట సన్నని చీలిక పడి, వెలుతురుకు పట్టి చూస్తే దేవుడి ముఖం అంచు చుట్టూ కాంతి వస్తుంది. తీయాలనుకుంటే మా ఇంట్లో ఒకటుంది, రండి.

రేలపూలు (తిరుపతి)

హేమ గారూ, తప్పకుండా వస్తా. గుడ్డ వెనక లైటు పెట్టి మాక్రోలో తీయాలి, వేడి తగలకుండా ఎల్ఈడీ వాడదాం.

శ్రీవారి మెట్టు ఫోటో వెనక కూడా ఇలాంటి కారణమే ఉంది. 2021 నవంబరు వానలకు ఆ దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు కదా. తెరిచాక ఎక్కుతుంటే కొత్త రాళ్ళు, పాత రాళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. పాత మెట్టు మధ్యలో పాదాలకు అరిగి గుంట పడి ఉంటుంది, కొత్త మెట్టుకు ఇంకా అంచు పదును పోలేదు. ఆవిడ కర్ర కొత్త మెట్టు మీద ఉంది. అదే నేను చూసింది. కానీ పక్కన మోడు చెట్లు పెట్టేసరికి ఎవరి కళ్ళూ మెట్టు మీదికి పోలేదు. మామిడితోపు సార్ చెప్పింది ఒప్పుకోక తప్పదు, చెట్లు అక్కడ అనవసరం.

ఎఫ్11

ఇదీ మాట. మెట్టు కనిపించేలా ఫోటోను ఒంటరిగా వదిలేయండి.

నేను ముసలి ముఖాలకు వ్యతిరేకిని కాను, రెండు ఉదాహరణలు చెప్తా. నికోలస్ నిక్సన్ అనే అమెరికన్ 1975 నుంచి తన భార్యను, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్ళను ఏటా ఒక ఫోటో చొప్పున నలభై ఏళ్ళకు పైగా తీస్తూ వచ్చాడు. పెద్ద వ్యూ కెమెరా, నలుపు తెలుపు, నిలబడే వరస మారదు. ఏ ఒక్క ఫోటోలోనూ వృద్ధాప్యం లేదు. నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉంటారు, అంతే. వరసగా చూస్తే మాత్రం పదేళ్ళ తర్వాత ఎవరు ఎవరి భుజం మీద వాలుతున్నారో తెలుస్తుంది.

రెండోది ఇమోజెన్ కన్నింగ్‌హామ్, ఈమే అమెరికన్ ఫోటోగ్రాఫరే. 1976లో 93 ఏళ్ళకు పోయింది. తొంభై దాటాక ఆమె పెట్టుకున్న పని తొంభై దాటినవాళ్ళను ఫోటోలు తీయడం. ఎదుటివాళ్ళ వయసే తనదీ. మనం ముప్పై ఏళ్ళ వయసులో డెబ్భై ఏళ్ళ ముఖం తీసి 'జీవితం అశాశ్వతం' అని కాప్షన్ పెడతామే, ఆమెకు ఆ అవసరం లేదు.

కాబట్టి నా సలహా: జతలు వద్దు, వరస పెట్టండి. మీ అవ్వనే ఏటా ఒకసారి, అదే కిటికీ దగ్గర, అదే లెన్సుతో.

వార్డు నైట్‌డ్యూటీ

వరస పెట్టేముందు అవ్వను అడగండి. ఒకసారి అడిగి సరిపెట్టుకోవద్దు, తీసే ప్రతిసారీ అడగండి. మతిమరుపు వచ్చినవాళ్ళు నిన్న సరే అన్నది ఇవాళ గుర్తుండదు. కొడుకు సంతకం పెట్టాడు కదా అని కెమెరా ఎత్తేవాళ్ళను చూశాను. ఒక వృద్ధాశ్రమానికి కెమెరాలు తగిలించుకుని గుంపుగా వచ్చారొకసారి. కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడను 'కొంచెం బాధగా చూడండమ్మా' అన్నారు. ఆమె అప్పుడే మధ్యాహ్నం సీరియల్ కోసం హుషారుగా ఎదురుచూస్తోంది.

పనికొచ్చే మాటలు కొన్ని. కళ్ళద్దాల మెరుపు తగ్గాలంటే చెవి దగ్గర కాడలు కాస్త పైకి లేపండి, అద్దం కిందికి వంగుతుంది. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళ కంట్లో కొన్ని కోణాల్లో అద్దపు ముక్కలా ఒక మెరుపు వస్తుంది, లోపల పెట్టిన లెన్సుది. దాన్ని ఎడిటింగులో చెరిపేయకండి, అది ఆ కన్ను కథ. నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం ఉన్నా అంతే. వినికిడి తగ్గినవాళ్ళకు మీరు కెమెరా వెనకనుంచి చెప్పేది వినబడదు, ముఖం బయటపెట్టి చెప్పండి. పళ్ళసెట్టు పెట్టుకుంటారా అని వాళ్ళనే అడగండి, మీరు తేల్చేయకండి.

పాతరీలు (చిత్తూరు)

ఎఫ్11 గారు చెప్పిన వరస బాగుంది. కానీ వరస నిలవాలంటే కాగితం నిలవాల. దాని గురించి ఎవరూ ఎత్తలేదే.

మీ ఇళ్ళలో డెబ్భైలు, ఎనభైల నాటి కలర్ ఫోటోలు ఎర్రగా అయిపోయి ఉంటాయి. ఎండ తగిలిందని అనుకుంటారు. బీరువాలో చీకట్లో పెట్టినవీ ఎర్రబడ్డాయి. అప్పటి కాగితంలో నీలివైపు రంగు, సయాన్ అంటారే, అది ముందుగా వీగిపోతుంది. మిగిలిన రంగులు కలిసి ఎర్రగా కనిపిస్తాయి. వాటికన్నా ముందరి నలుపు తెలుపు వెండి ప్రింట్లు, సరిగ్గా కడిగినవి, ఇంకా గట్టిగా ఉన్నాయి. తాత బాగున్నాడు, నాయన ఎర్రబడ్డాడు, కొడుకు ఫోన్లో ఉన్నాడు. ఫోన్ పోతే కొడుకూ పోయినట్టే.

జిగురు పేజీల ఆల్బమ్, పైన ప్లాస్టిక్ పొర ఉండేది, దాంట్లోంచి ఫోటోలు తీసేయండి. ఆ జిగురు పసుపెక్కి ఫోటోకు పట్టుకుంటుంది. బలవంతంగా లాగొద్దు, సన్నని దారం వెనకనుంచి పోనివ్వండి. లామినేషన్ వద్దే వద్దు, వేస్తే ఇంక వెనక్కి రాదు. మన దగ్గర నవంబరు వానలకు నెగటివ్‌ల మీద బూజు సాలెగూడులా పాకుతుంది, సిలికా జెల్ పొట్లం వేసి గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోండి. ఫోటో వెనక పేరు, ఊరు, సంవత్సరం మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందుకు కనిపిస్తుంది.

ఇంకా ఈ ఏఐ రిస్టోరేషన్ ఒకటి వచ్చిందే. మా బంధువు ఒకాయన వాళ్ళ అమ్మ పాత ఫోటో దాంట్లో పెట్టి తెచ్చాడు. ముఖం నున్నగా, కళ్ళు తళతళ. ఎవరో సీరియల్ హీరోయిన్ తల్లిలా ఉంది. ఆమెకు ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు ఉండేది, అదీ పూడ్చేసింది.

మామిడితోపు (బంగారుపాళ్యం)

పాతరీలు సార్, మీరు పెన్సిల్‌తో తీసింది కూడా అదే కదా?

పాతరీలు (చిత్తూరు)

అదే పని. కాకపోతే నేను తీసేటప్పుడు ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉండేవాడు. గాటు తీయాలా ఉంచాలా అని అడిగేవాణ్ణి. ఉంచమనేవాళ్ళే ఎక్కువ.

చంద్రగిరి చిన్నోడు

అందరూ నిలబెట్టుకోవడం గురించే చెప్తా ఉన్నారు. మా తిరుపతి గంగమ్మ జాతర సంగతి ఎవరూ చెప్పలేదే. తాతయ్యగుంట గుడి దగ్గర జాతర ఆఖర్లో అమ్మవారి విశ్వరూపం, పెద్ద మట్టిబొమ్మ, కళ్ళు ఇంతింత. రాత్రంతా చేసి, రంగులు వేసి, తెల్లారేసరికి చెంప తొలగిస్తారు, అంటే బొమ్మను పగలగొడతారు. ఇంక ఆ మట్టి కోసం జనం తోసుకుంటారు చూడండి! పిడికెడు మట్టి దొరికితే ఇంట్లో దాచుకుంటారు, ఒంట్లో బాగలేకపోతే నీళ్ళలో కలిపి రాస్తారు. బొమ్మ పగిలిందని ఎవరూ ఏడవరు. పగిలితేనే గదా మట్టి దొరికేది.

ఫోన్లో తీసినవి ఉన్నాయి, అన్నీ షేక్. చేతులు, చేతులు, ఒక కన్ను, మళ్ళీ చేతులు. వచ్చే మే నెలకు మంచి కెమెరా ఉన్నోళ్ళు ఎవరైనా వస్తే ముందు వరసలో నిలబెట్టే పూచీ నాది. లెన్సు పగిలితే మాత్రం నన్ను అడగొద్దు.

కలంకారి హేమ (శ్రీకాళహస్తి)

ఆ షేక్ అయినవే పెట్టు తమ్ముడూ. మా పెదనాన్న ఫోటో సంగతి చెప్పాను కదా.

నిర్వాహకుడు

ఏఐ రిస్టోరేషన్ మీద వాదన ముదిరేలా ఉంది, దానికి వేరే థ్రెడ్ తెరిచాను. మందులు, ఆరోగ్య సమస్యల ప్రశ్నలు నర్సు గారిని ఇక్కడ అడగకండి. మిగతాది కానివ్వండి.

రేలపూలు (తిరుపతి)

ఆల్బమ్ మార్చాను. జతలన్నీ విడగొట్టేశా. అవ్వ చేయి కలర్‌లో ఒంటరిగా ఉంది, తేలు ఇప్పుడు తెలుస్తోంది. మెట్టు ఫోటోను కిందివైపు ఎక్కువ ఉండేలా మళ్ళీ క్రాప్ చేశా. మోడు చెట్లను పక్కన పెట్టా, చిగురేశాక అదే చోటునుంచి మళ్ళీ తీసి రెండూ కలిపి చూస్తా.

ఆకును మాత్రం వదలను. దాన్ని ఎవరి పక్కనా పెట్టను, కానీ సిరీస్‌లో ఉంటుంది. ఆ ఈనెల మధ్య ఒకచోట పురుగు తిన్న సొరంగం ఉంది, మెలికలు తిరిగి అంచుదాకా పోయింది. దానికోసమే తీశాను, ముసలితనం కోసం కాదు. ఎఫ్11 గారూ, మీరు వద్దన్నా ఉంటుంది.

పాతరీలు గారూ, మీరు చెప్పినట్టు ముందు మా అవ్వకు దండ ఫోటో సంగతి ఎత్తా. కోప్పడుతుందనుకున్నా. 'మీ తాతది చిన్నదిగా ఉంది, పక్కన నాది పెద్దది పెడితే బాగుండదు, అదే సైజు చెయ్యి' అంది. తాత ఫోటో ఓటరు కార్డులోంచి పెంచింది. దాన్ని ఏమైనా చేయగలమా?

పాతరీలు (చిత్తూరు)

ఓటరు కార్డులో ఉన్నది అంతే, పెంచితే చుక్కలే వస్తాయి. పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు వెతుకు, మీ ఇంటివి కాదు, బంధువులవి. భోజనాల బంతిలో ఎక్కడో ఒకచోట ఉంటాడు. దొరికితే నెగటివ్ ఉందేమో ఆ ఫోటోగ్రాఫర్‌ను అడుగు. స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐకి తగ్గొద్దు.

చిన్నోడా, మీ జేజికి ఎప్పుడు తీద్దాం? స్టూడియో లేదు గానీ కెమెరా ఉంది, ముఖం మీదికి వెలుతురు తిప్పడానికి తెల్ల థర్మోకోల్ షీటు ఉంది. అంతకంటే ఏం కావాల?

చంద్రగిరి చిన్నోడు

జేజికి రాజమహల్ ముందర కావాలంట. చిన్నప్పుడు మేకలు తోలుకొచ్చి అక్కడ కూర్చునేదంట. కొత్త చీర కావాలంటా ఉంది, దానికి నేను బలి. ఆదివారం రండి. శుక్రవారం అక్కడి మ్యూజియం మూసి ఉంటాది, ఆ రోజు వద్దు.

పాతరీలు (చిత్తూరు)

ఆదివారం సరే. అక్కడ ట్రైపాడ్‌కు పర్మిషన్ కావాల, చేత్తోనే తీద్దాం. థర్మోకోల్ పట్టుకోవడానికి నువ్వుండాల.

ఎఫ్11

నేనూ వస్తున్నా. రేలపూలు గారూ, మీ ఆకు గురించి అక్కడ మాట్లాడుకుందాం. ఆల్బమ్ ఇప్పుడే మళ్ళీ చూశా, పూలాయన ఫుల్ ఫ్రేమ్ ఇంకా పెట్టలేదు మీరు.